దవడలు కరిచిన చప్పుడు

గంటలో పిలుస్తాం అన్నాడు గుమాస్తా, ఆయన గంటో నా గంటో చెప్పలేదు, నన్ను వరండాలో బల్ల చివర కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు, వానలకు చెక్క ఉబ్బినట్టుంది, తలుపు అంచు నేలకు రాసుకుని కీచుమంది, మొదట సన్నగా, చివరికి మొద్దుగా, దీన్ని కంప్యూటర్లో చెయ్యాలంటే నాకు రెండు రోజులు పడుతుంది, రాపిడి చప్పుళ్ళంత మాట వినని చప్పుళ్ళు లేవు, కొట్టుకునే చప్పుళ్ళే నయం. ఇదిగో, మళ్ళీ మొదలెట్టాను. ఒళ్ళో ఇరవై రెండు పేజీల నివేదిక ఉంది, నేను రాసిందే, ఆఖర్న నా సంతకమే, దీన్ని ఇంకోసారి చూసుకుని లోపలికెళ్ళి విచారణాధికారికి రెండు చప్పుళ్ళు వినిపించి, ఇదిగో ఈ మనిషి చెప్పింది నిజమే అని చెప్పి ఇంటికి పోవాలి. అంతే పని. అంతే పనికి పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నానో, ఏడో పేజీ దగ్గరికొచ్చేసరికి కాగితం ఎందుకు తిప్పేస్తున్నానో నాకు తెలియదు. తెలియదంటే తెలుసుకోవాలని లేదు.

ఎదురు బల్ల మీద లిఫ్టు మెకానిక్ కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఫోటోకు కూర్చున్నట్టు పెట్టుకున్నాడు. పక్కన ఆయన భార్య. వరండా ఆ చివర, మెట్ల దగ్గర, ఇంకో బల్ల మీద ఒక్కతే కూర్చున్నావిడ ఈ భార్యకు స్వయానా చెల్లెలు. అక్కచెల్లెళ్ళు ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటారట, పదకొండు నెలలుగా మాటల్లేవు. చెల్లెలి భర్త, అంటే ఈ మెకానిక్‌కి తోడల్లుడు, గోదాములో సరుకుల లిఫ్టులో ఉండగా ఇనప తాడు తెగి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మెకానిక్ ఆ క్షణాన పైన మిషను గదిలో ఉన్నాడు. తాడు తెగితే లిఫ్టు పడిపోకుండా పక్క పట్టాలను కరిచి పట్టుకునే ఇనప దవడలు రెండుంటాయి, గ్రీజు పెట్టడానికి విప్పిన వాటిని ఈయన మళ్ళీ బిగించడం మరిచిపోయాడని గోదాము యాజమాన్యం అంటుంది. బిగించానని, తాడు తెగాక దవడలు ఒక్కసారి కరిచిన చప్పుడు ఈ చెవులతో విన్నానని, అరిగిపోయిన దవడలు కాబట్టి పట్టు చాలక జారాయని ఈయన అంటాడు. పట్టాల మీద గీతలు చూస్తే తేలిపోయేది. కానీ తొమ్మిదో రోజుకల్లా పట్టాలూ దవడలూ పీకి తుక్కుకి వేసేసి కొత్తవి బిగించేశారు, ఎంత చురుకో. ఇక మిగిలిన సాక్ష్యమల్లా ఈయన చెవులు. చెవుల్లో ఉన్నదాన్ని తీసి బల్ల మీద పెట్టడానికి నన్ను పిలిచారు. దవడలు కరిచినట్టు తేలితే తప్పు యాజమాన్యానిది, తేలకపోతే తోడల్లుణ్ణి చంపినవాడు ఈయనే, ఇద్దరు అక్కచెల్లెళ్ళూ బతికినంతకాలం అదే నమ్మి బతకాలి.

ఎవరో పక్క గదిలో పెన్ను టక్కుటక్కుమనిపిస్తున్నాడు. నొక్కినప్పుడొక చప్పుడు, వదిలినప్పుడొకటి, రెండోది సన్నం, లోపలి స్ప్రింగు విడిపోతుంది కదా. చేతులు విరిచేద్దామనిపిస్తోంది. మా అమ్మకు ఈ జబ్బు నాకంటే ముందుంది, నాది ఆవిడ చలవే, హాల్లో కూర్చునే వంటింట్లో ఏది పడిందో చెప్పేది, "పెద్ద గిన్నె మూతే, పడేసింది చిన్నదే" అనేది, చిన్నదాన్ని నేను, మూత పడేసింది నేనని ఎలా తెలిసిందే అంటే "నువ్వు పడేస్తే వెంటనే కాలు అడ్డంపెట్టి ఆపేస్తావు, అక్క పడేస్తే మోగి మోగి ఆగేదాకా చూస్తూ నుంచుంటుంది" అనేది. పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం ఆ ఒక్క వాక్యంలో ఉందని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు, చప్పుళ్ళు చేసినందుకు చిన్నప్పుడు నీకు వీపు మోగేది, ఇప్పుడు జీతమిస్తున్నారా, కలికాలం అంటుంది.

ఏం చేస్తావు అసలు, అని బంధువుల్లో ఎవరడిగినా ఇలాగే చెప్తాను. గిన్నె మూత ఉందనుకోండి, దాని ఆకారం కంప్యూటర్లో గీస్తాను, వేల చిన్న ముక్కలుగా కోస్తాను, ఒక్కో ముక్కా పక్క ముక్కకు స్ప్రింగుతో కట్టినట్టు అనుకుంటాను, ఇది ఇత్తడి, ఇంత బరువు, ఇంత గట్టిదనం అని చెప్తాను, ఇప్పుడు ఇక్కడ ఇంత బలంగా కొట్టాను అంటాను. ఆ ముక్కలన్నీ ఎలా వణుకుతాయో అది లెక్క కడుతుంది, ఆ వణుకు గాలిని ఎలా నెడుతుందో లెక్క కడుతుంది, అదే చప్పుడు. ఎక్కడా మైకు పెట్టక్కర్లేదు, ఏదీ పగలగొట్టక్కర్లేదు. బొమ్మల సినిమాల్లో కోట తలుపులు విరిగినా, వెయ్యి గాజు సీసాలు మెట్ల మీద దొర్లినా మాబోటివాళ్ళు ఇలాగే లెక్కల్లోంచి తీస్తారు. బరువూ గట్టిదనం పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో సరిగ్గా దొరకనిది ఒక్కటే, మోగడం మొదలెట్టింది ఎంతసేపటికి ఆగుతుంది అన్నది. మేం డాంపింగ్ అంటాం, అమ్మకు చెప్పేటప్పుడు చప్పుడు ఆయుష్షు అన్నాను. "ఆయుష్షు లెక్క కట్టేవాళ్ళని చూశాం లే, ఒక్కడిది నిజమైందా" అంది. అక్కడితో ఆ పాఠం అయిపోయింది.

ఆయుష్షు అంకె మేం చెవితో పెడతాం. అందరూ అంతే. మా దర్శకుడు, స్టూడియోలో ఆయన్ని ఇంకొంచెం గారు అంటాం, ఎదురుగా కాదనుకోండి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటాడు, నేను వినిపిస్తాను, "ఇంకొంచెం" అంటాడు, ఇంకొంచెం ఎటో చెప్పడు, నేను ఆయన మొహం చూస్తూ అంకె ఇటు తిప్పుతాను, కనుబొమ ముడిపడితే అటు తిప్పుతాను, ముడి విడితే ఇంకా అటే పోతాను, ఆఖరికి తల ఆడుతుంది, చిన్నగా, ఆయనకే తెలియకుండా. అప్పుడు చెయ్యి తీసేస్తాను. పన్నెండేళ్ళు. ఎవరి మొహం మీదైనా ఆ తల ఊపు ఎక్కడ దాక్కుందో నాకు తెలుసు, దాన్ని బయటికి లాగడంలో నా అంత చెయ్యి తిరిగినవాళ్ళు మా స్టూడియోలో లేరు, ఆ మాట నేను కాదు వాళ్ళే అన్నారు, బహుమతి కూడా ఇచ్చారు, గాజుది, గోటితో కొడితే ప్లాస్టిక్‌లా మోగుతుంది.

గుమాస్తా తలుపు తీసి బయటికి చూశాడు. నేను లేచి నిలబడ్డాను. నన్ను కాదట, ఎవరో ఇంజనీరునట, యాజమాన్యం తరఫున వచ్చినాయన, బూట్లు కొత్తవి, ఎడమ బూటు కీచుమంటోంది, నన్ను దాటుకుంటూ "మీరేనా చప్పుళ్ళ మేడం" అని నవ్వి లోపలికి పోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నివేదికని గుండెలకు హత్తుకున్నాను. ఎందుకు హత్తుకోవాలి? అందులో ఏముందని? అన్నీ సక్రమంగానే ఉన్నాయి కదా. దవడలు కరిచిన చప్పుడొకటి తయారు చేశాను. తెగిన తాడు లిఫ్టు పైకప్పు మీద కొట్టుకున్న చప్పుడొకటి తయారు చేశాను, ఆయన విన్నది అదేనని యాజమాన్యం వాదన మరి. ఏది ఏదో చెప్పకుండా, వరస కలిపేసి పదిసార్లు వినిపించాం, మీరు ఆ రోజు విన్నది ఏది అని అడిగాం. పదికి పది దవడల చప్పుడే అన్నాడు. యూనియన్ కార్యదర్శి, మా అన్నయ్యకు స్నేహితుడు, ఈ పని నాకు అంటగట్టిన మహానుభావుడు, బల్ల గుద్ది, "చెల్లెమ్మా, ఇన్నాళ్ళూ సినిమాల్లో అబద్ధాలు మోగించావు, ఇవాళ ఒక నిజం మోగించావు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాను, పదికి పది అని, స్కూలు పిల్లలా.

ఏడో పేజీ. తిప్పేయకు. ఒక పట్టిక ఉంది, మూడు గళ్ళు, మొదటి గడిలో పేరు, రెండో దానిలో అంకె, మూడో దానిలో ఆధారం. ఇనుము బరువు, ఆధారం ఫలానా పుస్తకం. గట్టిదనం, అదే పుస్తకం. దవడల ఆకారం, తయారీదారుడి పాత నక్షా. పట్టా మందం, నక్షా. డాంపింగ్, అంకె ఉంది, మూడు దశాంశాల దాకా ఉంది, ఆధారం దగ్గర నా చేతిరాతతో ఒక్క మాట, పరిశీలన. ఏం పరిశీలన? ఎక్కడ పరిశీలించాను? అలాంటి దవడలు ఏ వర్క్‌షాపులోనైనా దొరికేవి, సుత్తితో కొట్టి రికార్డు చేసుకుంటే గంటలో తేలేది, ఎవరైనా చేసే పనే, నేను వెళ్ళలేదు. మరి ఆ మూడు దశాంశాలు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? రెండు వారాలుగా ఈ గడి దగ్గరికి రాగానే నాకు దాహం వేస్తోంది, ఎవరికో ఫోను చెయ్యాలని గుర్తొస్తోంది, పేజీ తిప్పేస్తున్నాను.

మధ్యాహ్నాలు. మూడు మధ్యాహ్నాలు ఆయన స్టూడియోకి వచ్చాడు. మొదటి రోజు చెప్పులు బయట విప్పబోతే వద్దన్నాను, కుర్చీ అంచున కూర్చున్నాడు, హెడ్‌ఫోన్లు ఇస్తే చెవులకు కాస్త దూరంగా పట్టుకున్నాడు. చప్పుడు వినిపించాను. "ఇలా కాదు మేడం, ఇది గంట మోగినట్టుంది, అది గంట కాదు" అన్నాడు. అవును, డాంపింగ్ తక్కువైంది, తిప్పాను. "ఇంకొంచెం మొద్దుగా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఈయనా ఇంకొంచెం గారే అనుకున్నాను. రెండో రోజు దగ్గరికొచ్చాం. మూడో రోజు నేను తెర చూడ్డం మానేసి ఆయన మొహం చూశాను, అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, ఇటు తిప్పితే గడ్డం బిగుసుకుంది, అటు తిప్పితే వదులైంది, ఇంకా అటు, ఇంకా, ఆయన కళ్ళు చెమర్చాయి, తల ఊగింది. చెయ్యి తీసేశాను. అంకె రాసుకున్నాను. మూడు దశాంశాలు. ఆ మర్నాడే పదిసార్ల పరీక్ష పెట్టాం.

తల ఊపు. ఆధారం, తల ఊపు.

రెండో చప్పుడుకు, తాడు చప్పుడుకు, నేను ఏం తిప్పాను? ఏమీ తిప్పలేదు. పుస్తకంలో రేకుకు ఉన్న సగటు అంకె వేసి వదిలేశాను, పచ్చిగా ఉండింది, డబ్బాలో రాయి వేసినట్టు, సినిమాకైతే అలాంటిది బయటికి పోనిచ్చేదాన్నే కాదు. ఒకటి మూడు రోజులు మాగబెట్టింది, ఒకటి పచ్చిది, రెంటిలో ఏది నిజమని ఆయన్ని అడిగాను. కుట్టించుకున్న చొక్కా పక్కన కొట్లో చొక్కా పెట్టి నీది ఏదంటే ఎవడైనా ఏది చూపిస్తాడు. పదికి పది రాక చస్తుందా. అయ్యో, పదికి పది అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఆయన చెవుల్లో ఉన్నదాన్ని తీసి బల్ల మీద పెట్టమంటే, బల్ల మీదున్నదాన్ని ఆయన చెవుల్లో పెట్టాను.

లేచి నడుస్తున్నాను. వరండా ఇటు నుంచి అటు ఇరవై ఆరు అడుగులు, మధ్యలో ఒక పలక కింద బోలుగా ఉంది, దాని మీద కాలు పడితే డొల్లగా మోగుతుంది, నాలుగోసారికి దాన్ని తప్పించి నడుస్తున్నాను. సరే, ఆలోచించు. ఎవరికి తెలుస్తుంది? కొత్త బూట్ల ఇంజనీరుకు డాంపింగ్ అంటే ఏమిటో తెలిసి ఉంటే ఈపాటికి అడిగేవాడు. పరిశీలన అన్నది అబద్ధమా? పరిశీలించానుగా, మొహం పరిశీలించాను. పైగా ఈయన చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, అయ్యుండొచ్చేంటి, అయ్యే ఉంటుంది, తొమ్మిది రోజుల్లో పట్టాలు పీకేసినవాళ్ళు సత్యహరిశ్చంద్రులా? వాళ్ళు సాక్ష్యం తుక్కుకి వేస్తే తప్పు లేదు, ఒక్క అంకె దగ్గర నేను నోరు మూసుకుంటే తప్పొచ్చిందా? ఇంతా చేసి, నేను నోరు తెరిస్తే ఎవరికి నష్టం, నాకా? నాకేం పోతుంది, మా స్టూడియోలో నాలుగు రోజులు నవ్వుకుంటారు, మళ్ళీ గాజు సీసాలు దొర్లించుకుంటాను. పోయేది ఆయనకి. ఆయనకి ఉద్యోగం పోతుంది, అంతకన్నా ముందు ఆ మెట్ల దగ్గర కూర్చున్నావిడ చూపులో ఉన్న చివరి అనుమానం కూడా పోతుంది, మిగిలేది నమ్మకమే, ఈయనే చంపాడన్న నమ్మకం. అందుకని నోరు మూసుకో. మూసుకుంటే ఆవిడకి నేను తయారు చేసిన చప్పుడు ఇచ్చి పంపుతాను, నీ మొగుడు ఇలా పోయాడమ్మా, ఇదిగో విను అని, ఆవిడ దాన్ని బతికినంతకాలం వింటుంది, నా మూడు దశాంశాల్ని. మింగలేక కక్కలేక ఉన్నాను. అయినా చేతిలో ఇంత పాపం పెట్టుకుని ఇన్నాళ్ళు పేజీ తిప్పేశానే, అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆయన ఒక్కడే నిలబడి గ్లాసు కడుగుతున్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"అడగండి మేడం."

"మూడో రోజు తలూపారు చూడండి, అది ఆ రోజు మీరు విన్న చప్పుడేనా?"

"అదే కదా మేడం." గ్లాసు నిండా నీళ్ళు పట్టాడు, తాగలేదు. "అదే అనుకున్నాను."

"అనుకున్నారా?"

ఆయన భార్య వైపు చూశాడు, ఆవిడ ఎటో చూస్తోంది. గొంతు తగ్గించాడు. "మీ దగ్గరికి రాకముందు నాకు రోజూ ఒక చప్పుడు వినపడేది. నిద్ర లేవడమే దాంతో లేచేవాణ్ణి. ఎలా ఉండేదని అడిగితే చెప్పలేను. మీరు ఇలా తిప్పి అలా తిప్పి వినిపిస్తుంటే, ఒకచోట, ఇదే అయ్యుండాలి అనిపించింది. ఇలా ఉంటే బాగుణ్ణు అనిపించిందో ఏమో. అప్పట్నుంచి లేవగానే మీదే వినపడుతోంది మేడం. ముందుదాన్ని గుర్తుచేసుకుందామని చూస్తాను. రాదు. మీది వచ్చేస్తుంది."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చదువుకున్నవాళ్ళు, లెక్క కట్టి తీశారు. నా చెవుల కన్నా మీ లెక్కే అసలుదేమో అనుకున్నా." కుళాయి కట్టేసి, "బిగించాను మేడం, నా చేతులకి గుర్తుంది" అన్నాడు. చేతులు చూపించబోయి, గ్లాసు ఉండడంతో ఊరుకున్నాడు.

అంకె తప్పయితే దిద్దుకోవచ్చు, ఏ వర్క్‌షాపుకో పోయి సుత్తితో కొట్టి సరైన అంకె తేవచ్చు అని, ఇరవై ఆరడుగుల్లో ఏదో మూల నేను సర్దుకుంటూనే ఉన్నాను. ఎన్ని సరైన చప్పుళ్ళు తెచ్చి ఇప్పుడు వినిపించినా ఈయన వాటిని దేనితో పోల్చుకుంటాడు, పోల్చుకోవడానికి లోపల ఉన్నది నాదే కదా. వాళ్ళు తుక్కుకి వేయగలిగినవన్నీ వేశాక, వాళ్ళ చేతికి అందనిది ఒక్కటి మిగిలింది, దాన్ని నేను చెరిపేశాను, ఎంతో ఓపికగా, మూడు మధ్యాహ్నాలు కూర్చుని, సాయం చేస్తున్నాననుకుంటూ. లోపల ఈ మాట చెప్పాలండీ అన్నాను. చెబితే మీ మాటకి రుజువు ఉండదని కూడా అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. గుమాస్తా తలుపు తీసి నన్ను పిలిచాడు, వెనకాలే అందర్నీ రమ్మన్నాడు.

లోపల అధికారి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, దగ్గుతున్నారు, చిన్న గది కావడంతో దగ్గు గోడలకు తగిలి వెంటనే చచ్చిపోతోంది, పుస్తకాల బీరువాలు తినేస్తున్నాయి. చప్పుళ్ళు వినిపించండి అన్నారు. వినిపించనండీ అన్నాను. కార్యదర్శి కుర్చీలో ముందుకు వంగాడు. ఏడో పేజీ తీయమన్నాను, పరిశీలన అన్న మాటకు అర్థం చెప్పాను, మొహం, గడ్డం, తల ఊపు, అన్నీ చెప్పాను, రెండో చప్పుడును నేనెలా గాలికొదిలేశానో చెప్పాను, అందుకే పదికి పది వచ్చిందని, దాన్ని పరీక్ష అనడం నా సిగ్గుమాలినతనమని చెప్పాను. ఎక్కడా తడబడలేదు, విచిత్రం, ఇంకొంచెం గారి ముందు రోజూ తడబడతాను.

"అంటే ఆయన అబద్ధం చెబుతున్నారంటారా?"

"కాదండీ. ఆయన విన్నారేమో. ఏం విన్నారో చూసుకునే దారి నేను మూసేశాను."

"మళ్ళీ సరిగ్గా చేసి తేవచ్చు కదా?"

"చప్పుడు మళ్ళీ చెయ్యొచ్చండీ. ఆయన చెవుల్లోది మళ్ళీ రాదు."

కొత్త బూట్ల ఇంజనీరు నవ్వు మొహంతో ఏదో రాసుకున్నాడు. తాడు చప్పుడు కూడా అంతే చెత్తది, మీ వాదనకీ పనికిరాదు అని ఆయనకేసి తిరిగి అన్నాను, నవ్వు తగ్గింది కానీ పోలేదు, పోవాల్సిన అవసరం ఆయనకేముంది. అధికారి మెకానిక్ వైపు తిరిగి, ఆమె చెప్పింది విన్నారుగా, ఇప్పుడు మీరేమంటారు అని అడిగారు. ఆయన లేచాడు. ఈ పదకొండు నెలల్లో ఎన్ని విచారణల్లో లేచాడో, లేచిన ప్రతిసారీ విన్నాను విన్నాను అన్నాడట, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు చెప్తాడని యాజమాన్యం లాయరు వెక్కిరించేవాడట. నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేదు.

"ఆ రోజు ఏదో విన్నానండీ," అన్నాడు. "ఏం విన్నానో ఇప్పుడు నాకు తెలీదు. బిగించాననే అనుకుంటున్నాను. అనుకుంటున్నాను, అంతే. అంతకు మించి తెలీదు. అదే రాసుకోండి."

అధికారి అదే రాసుకున్నారు. కార్యదర్శి నా వైపు చూడలేదు, బయటికొస్తుంటే కూడా చూడలేదు, ఫోను చెవిన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు, రేపు మా అన్నయ్యతో ఏమంటాడో ఊహించుకోగలను. మెకానిక్, ఆయన భార్యా గుమాస్తా దగ్గర సంతకాలు పెడుతున్నారు. నేను సంచిలోకి నివేదిక కుక్కుతుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. చెల్లెలు. దగ్గర్నుంచి చూస్తే చాలా చిన్నది, ముప్పై నిండాయో లేదో.

"ఒకటడగనా?" అంది. "ఆ దవడలు నిజంగా కరిచుంటే, లోపలున్న మనిషికి తెలుస్తుందా? ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తుందా? హమ్మయ్య, పట్టుకుంది, అనుకుని ఉంటాడా?"

ఇది లెక్క కట్టచ్చు. ఇనప పెట్టె, కింద చెక్క నేల, మనిషి బరువు, దవడలు పట్టిన బలం, పాదాల్లోంచి ఎంత అదురు ఎక్కుతుంది, అప్పటికప్పుడు నా తలలో ముక్కలు కోసుకోవడం మొదలైపోయింది. ఆవిడ మొహం చూశాను. ఆ మొహంలో ఒక జవాబు కోసం చోటు సిద్ధంగా ఉంది, ఎటు తిప్పితే ఆ గడ్డం వదులవుతుందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది, అనుకోలేదమ్మా, అంత టైము ఉండదు అంటే చాలు, లేదా అనుకునే ఉంటాడమ్మా, భయపడకుండానే పోయాడు అంటే చాలు, రెంటిలో ఏదో ఒకదానికి ఆవిడ తలూపుతుంది, ఊపి ఏడుస్తుంది, నాకు దండం పెడుతుంది.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "అది తెలుసుకునే దారి కూడా లేదు."

ఆవిడ ఏడవలేదు. లోపల అక్క పక్కన వంగి సంతకం పెడుతున్న మెకానిక్ వీపు కేసి చూసింది, చాలాసేపు.

"పదకొండు నెలలుగా మా ఇంటికి ఎంతమంది వచ్చారో," అంది. "ప్రతివాళ్ళకీ అంతా తెలుసు. బావకీ తెలుసు. తెలీదన్న మాట ఇవాళే విన్నాను, ఒకటి ఆయన దగ్గర, ఒకటి మీ దగ్గర." కొంగు సర్దుకుని, మెట్ల వైపు వెళ్ళబోయి ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, వాళ్ళ సంతకాలు అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడింది.